పేపరు మానేసిన త్రినాథరావు

త్రినాథరావు పేపరు మానేశాడంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? ఇరవై ఏళ్లుగా పొద్దున్నే బొడ్డమ్మ టీ కొట్టు బల్ల మీద చతికిలబడి, జిల్లా పేజీని మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా గొంతెత్తి చదివిన మనిషాయె. కొబ్బరికాయ ధర, జీడిపిక్కల ధర, అసెంబ్లీలో తిట్లు, అన్నీ ఆయన నోటి నుంచి రావలసిందే. సుమ్మాదేవి స్టేషన్ పక్కనున్న ఆ చిన్న ఊరికి లోకం సంగతులన్నీ ఆ గొంతులోంచే తెలిసేవి.

రెండువేల ఆరు వేసవిలో ఆ గొంతు ఆగింది.

అప్పటికి ఆ ఊరున్న ఉద్దానం ప్రాంతంలో ఇద్దరు ఎదురుపడితే "తిన్నావా" అనడం పోయి "క్రియాటిన్ ఎంత" అనడం వచ్చింది. రక్తంలో ఆ అంకె పెరిగిందంటే కిడ్నీలు చేతులెత్తేస్తున్నట్టే. త్రినాథరావుకి ఏడు దాటింది. మంగళవారం, శుక్రవారం రైలెక్కి విశాఖపట్నం పోయి డయాలసిస్ చేయించుకోవాలి. ఇక జిల్లా పేజీ తిప్పితే ఏముంటుంది? ఈ ఊళ్లో ఒకరు పోయారు, ఆ ఊళ్లో ఇద్దరు. ఒకరోజు అలా చదువుతూ చదువుతూ, కిందటివారం ఆసుపత్రిలో తనతో వేళాకోళాలాడిన నందిగాం ఆయన పేరు దగ్గరికి వచ్చాడు. ఆ పైన మాట పెగల్లేదు. టీవీవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కెమెరా భుజాన వేసుకుని గుమ్మంలోకొచ్చి "మీకెలా అనిపిస్తోంది?" అని అడుగుతారు. ఎలా అనిపిస్తుందయ్యా? భయంగా అనిపిస్తుంది!

మానెయ్యమన్నది మాత్రం యువరాజు.

యువరాజుది బారువ దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. చేపల వేటకెళ్లే మనిషి, నలభై ఒకటి దాటలేదు. అదే జబ్బు, అదే రైలు, ఆసుపత్రిలో పక్క మంచం. ప్యాసింజరు ముందు బారువలో ఆగుతుంది కాబట్టి అక్కడ ఎక్కి రెండు సీట్లు పట్టేవాడు. సుమ్మాదేవి రాగానే తన ఎర్ర తువ్వాలు కిటికీలోంచి బయటికి వేలాడదీసేవాడు. రైలు అక్కడ ఆగేది నిమిషం. పెట్టె వెతుక్కుంటూ పరిగెత్తే ఓపిక త్రినాథరావుకి లేదు. తువ్వాలు ఎక్కడుంటే అక్కడే ఎక్కడం, "రా మావా, సోటుంది" అనే మాట వినడం, అదే ఆయనకి వారంలో రెండు పండగలు.

"మావా, ఆ పేపరు ఒగ్గీ," అన్నాడు యువరాజు ఒకరోజు. "మనం సచ్చిపోతే ఆళ్లెలాగూ రాత్తారు. మనం సదవక్కర్నేదు కదేటి."

"నోర్ముయ్యి ఎదవా. అదేటి మాట?"

"మరేటి? రేత్తిరి నిద్దర పట్టదంటావు, పొద్దున్నే నేచి ఆ సావులన్నీ సదువుతావు. నెల్రోజులు మానీ. ఎవుల్నీ ఏటీ సెప్పొద్దను. ఆ మీద నిద్దర పట్టకపోతే నన్నడుగు."

త్రినాథరావు మానేశాడు. టీవీ మీద దుప్పటి కప్పించాడు. "ఏ కబురూ నా సెవిన పడీకండి. ఎవులు పోయినా నాకొద్దు," అని భార్య దుర్గాదేవికి చెప్పాడు, బొడ్డమ్మకి చెప్పాడు, బల్ల మీద కూర్చునే నలుగురి చేతా ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు. నిజం చెప్పొద్దూ, వారం తిరక్కుండానే నిద్ర పట్టింది. జీడితోటలో పిట్టలు అరుస్తాయని ఆ ఏడాదే కొత్తగా తెలిసినట్టుగా, మంచం మీద పడుకుని పొద్దెక్కే దాకా వినేవాడు.

కానీ ఒక సంగతి ఆయన అనుకోలేదు. ఉద్దానంలో ఆ రోజుల్లో కబుర్లంటే అవే కబుర్లు. అవి తీసేస్తే మనుషుల దగ్గర మాట్లాడ్డానికి ఏం మిగిలింది? త్రినాథరావు కొట్టు దగ్గరికి వస్తుంటే బల్ల మీది వాళ్లు గప్‌చుప్ అయిపోయేవారు. వర్షం గురించి రెండు ముక్కలు, గేదె గురించి ఒక ముక్క. ఆ తరవాత గ్లాసుల వంక చూసుకోవడమే. ఒకరొకరే పనుందని లేచిపోయేవారు. తప్పు వాళ్లదీ కాదు, ఒట్టు వేయించుకున్నది తనే. పదిరోజులకి ఆయన కొట్టుకి వెళ్లడమూ మానేశాడు. ఇంట్లో దుర్గాదేవి కూడా నోరు తెరవబోయి మూసుకునేది. ఊరి నడుమ ఉండి ఒంటిపిల్లి బతుకైంది. మంగళవారం ఎప్పుడొస్తుందా, శుక్రవారం ఎప్పుడొస్తుందా అని వేళ్లు మడిచేవాడు.

యువరాజు చెప్పిన నెల దాటినా పేపరు ముట్టలేదు. రెండో నెల చివర ఓ మంగళవారం రైలొచ్చింది. ముందు పెట్టె దాటింది, తువ్వాలు లేదు. చివరి పెట్టె దాకా చూశాడు, లేదు. కూత వేసేసరికి చేతికందిన కమ్మీ పట్టుకుని ఎక్కాడు. కూర్చోవడానికి చోటు దొరకలేదు. పలాసలో రైలు చాలాసేపు ఆగితే, ఆయాసపడుతూ పెట్టె పెట్టెకీ వెళ్లి "యువరాజూ!" అని పిలిచాడు. జ్వరమొచ్చి ఉంటుంది వెధవకి, అనుకున్నాడు. ఆసుపత్రిలో పక్క మంచం మీద ఎవరో టెక్కలి కుర్రాడు పడుకుని ఉన్నాడు. ఇంటికి రాగానే భార్యని అడిగాడు.

"ఈయేల యువరాజు రానేదే. నీకేటైనా తెల్సా?"

దుర్గాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వే కదా సెప్పొద్దన్నావు," అంది. "శనివారం పోనాడట. ఆదివారం పేపర్లో ఏసినారు. ఊరందరికీ తెల్సు."

ఎవరిని తిట్టాలి? వాడు వెళ్లిపోయిన రోజున తను పిట్టల కూతలు వింటూ హాయిగా పడుకున్నాడు.

మర్నాడు ఆ పల్లెకి వెళ్లాడు. ఇసకలో వలలు అలాగే పడి ఉన్నాయి. యువరాజు భార్య దాలమ్మ తాటాకు పందిరి కింద కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడింది.

"నువ్వేనా బాబూ మావ? రానేదేటా అనుకున్నాను. పేపర్లో ఏసినారు కదా, నువ్వు సదివే ఉంతావని కబురెట్టనేదు."

త్రినాథరావు తల వంచుకున్నాడు. పేపరు మానెయ్యమన్నది నీ మొగుడే అని చెప్పడానికి నోరు రాలేదు. చెబితే వాడి మీద నేరం మోపినట్టుంటుంది.

దాలమ్మ లోపలికెళ్లి మడతపెట్టిన పేపరు తెచ్చింది. "నాకు సదువు రాదు. సానామంది సదువుతామన్నారు, నానే వద్దన్నాను. రైల్లో నువ్వు పేపరు సదివితే సానా బాగుంతాదని ఆడు సెప్పీవోడు. కూకో. ఆడి గురించి ఏటి రాసారో సదువు బాబూ."

రెండు నెలల తరవాత పేపరు చేతిలోకి వచ్చింది. మూలన, ఎరువుల ప్రకటన కింద నాలుగు వరసలు. పేరు, ఊరు, వయసు, కిడ్నీ వ్యాధితో మృతి, భార్య, ఇద్దరు పిల్లలు. అంతే. ఎంతమందివో ఇలాంటివి తను గొంతెత్తి చదివేశాడు, టీ చల్లారకుండా!

ఆ నాలుగు వరసలూ చదివాడు. దాలమ్మ ఇంకా ఆయన నోటి వంకే చూస్తోంది. త్రినాథరావు గొంతు సవరించుకున్నాడు. పేపరు మీంచి చూపు తీయకుండానే, కొట్టు దగ్గర చదివినట్టే పెద్దగా అందుకున్నాడు.

"మృతుడు యువరాజు సముద్రంలో మంచి వేటగాడు. రైల్లో సాటి రోగులకు సీట్లు పట్టేవాడు. సుమ్మాదేవి స్టేషన్లో ఒక ముసలాయన కోసం ప్రతిసారీ కిటికీలోంచి ఎర్ర తువ్వాలు వేలాడదీసేవాడు. ఆసుపత్రిలో సూది గుచ్చేటప్పుడు పక్క మంచం ఆయన చెయ్యి పట్టుకునేవాడు. అతని నవ్వు పక్క వార్డు దాకా వినిపించేదని పలువురు తెలిపారు. అతను పోవడం ఆ ముసలాయనకు..." అక్కడ ఆగిపోయాడు.

దాలమ్మ కళ్లు తుడుచుకుని, వంగి ఆ కాగితం ముక్క వంక చూసింది. "ఇంతున్నదాన్లో అంత రాసారేటి బాబూ?"

"అవునమ్మా. సిన్నచ్చరాలు."

"మళ్లీ ఒక్కపాలి సదువు," అంది ఆమె. "అలాగే. ఒక్క ముక్కా ఒగ్గకుండా."

త్రినాథరావు పేపరు దగ్గరగా పట్టుకున్నాడు. నాలుగు వరసలు ఎంతలో అయిపోతాయి? అవి కాగానే, ఇందాక వాటి తరవాత ఏమని చదివాడో గుర్తు తెచ్చుకోవడానికి కళ్లు మూసుకున్నాడు.