ఆ బండి ఎత్తు లేపింది ఉస్తాద్ కాదు

ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు కొత్తగూడలో మక్కల బస్తాలు ఎక్కించుకుంటుండగా తెలిసింది. డ్రైవర్ల గ్రూపులో ఎవరో గొంతు రికార్డు చేసి పంపారు. "మానుకోట కమాన్ పట్టీల ఉస్తాద్ పొద్దుగాల గుజరిపోయిండు. పగటి నమాజ్ అయినంక మట్టి ఇస్తరు." కింద వరసగా దండం బొమ్మలు వచ్చాయి. ఒకాయన మాత్రం "గూడూరు బండి బోర్లపడ్డది ఈయన చేతి పనికేనా?" అని అడిగాడు. ఆ గూడూరు బండి నాది. ఎవరూ జవాబు రాయలేదు. నేనూ రాయలేదు.

ఆ జవాబే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆయన మీద పడ్డ ఆ మాటను తీసేయగలిగినవాణ్ని నేనొక్కణ్నే, ఆయన బతికుండగా తీయలేదు.

ఆయన్ని చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. బండి వెనక ఇరుసు మీద వంపుగా, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండే ఇనప పట్టీలను మా దగ్గర కమాన్ పట్టీలంటారు. బరువంతా మోసేవి అవే. వాటిని విప్పి, కాల్చి, కొట్టి మళ్లీ వంపు తేవడం ఆయన పని. కళ్లజోడుకు దారం కట్టి మెడలో వేసుకునేవాడు, పని మొదలుపెట్టాక మాత్రం దాన్ని తీసి జేబులో పెట్టేవాడు. ఇదేంటని అడిగితే, "ఇనుమును చేత్తోని చూడాలె, కండ్లతోని కాదు" అనేవాడు. షాపుకు ఖాళీ బండి తెస్తే ముట్టుకునేవాడు కాదు. "సామాన్ ఏసుకొని రా పో. ఖాళీ బండి అన్నీ అబద్ధాలే చెప్తది."

లోడుతో వెళితే ఇంకో తమాషా. అరవై దాటిన మనిషి, బస్తాల మీదికి ఎక్కి తాడు పట్టుకుని నిలబడేవాడు. బండిని మూలమలుపుల్లో తిప్పమనేవాడు. ఆయన భార్య ఇంటి గుమ్మంలోంచి ఉర్దూలో తిడుతూనే ఉండేది. దిగాక అరికాళ్లు నేలకేసి రుద్దుకుని, "స్టీరింగ్ కాడ కూసున్నోనికి ఏం తెలుస్తది, మీద నిలబడ్డోనికి తెలుస్తది" అని, అప్పుడు చెప్పేవాడు ఏ పట్టీ తీయాలో, ఏది కలపాలో.

మాది గూడూరు పక్కన తండా. అన్నా నేనూ కలిసి పికప్ కొన్నాం. కొత్తగూడ అవతలి అడవి ఊళ్ల నుంచి మక్కలు, మిర్చి, పత్తి తెస్తాం. వానాకాలం ఆ దారిలో రాళ్లు బండి కడుపుకు తగులుతాయి. రెండుసార్లు వాగులో దిగబడి ట్రాక్టరుతో లాగించుకున్నాక, "ఉస్తాద్ తాన ఎత్తు లేపిచ్చుకొని రా" అని అన్న నన్ను పంపాడు.

నేను ఫోన్‌లో ఒక ఫొటో పట్టుకుని వెళ్లాను. కొండ మీద నిలబడ్డ బండి, మనిషి నడుమంత టైర్లు. "గిట్ల నాలుగించులు లేపు ఉస్తాద్."

ఆయన ఫోను దూరంగా పెట్టి చూసి నవ్వాడు. "గీ బండికి నాలుగు చక్రాలు గుంజుతయి తమ్మి. నీదానికి ఎనక రెండే. ఎత్తు లేపితే రాయి దాటుతది గని బురద దాటది."

"మరెట్ల?"

"పట్టీలకు మళ్ల వంపు పెడ్త. ఒక పట్టీ కలుపుత. రెండించులు లేస్తది. ఎనక టైర్లు మంచి పట్టున్నయి ఏసుకో. గంతే."

"ఇరుసు మీద ఇనుప దిమ్మెలు పెడితే నాలుగు లేస్తదట గద?"

"లేస్తది. ఒక్క పూట పని. గని మీద లోడు, లోడు మీద మనిషి. మూలమలుపుల అందరూ ఒక్క దిక్కే ఒరుగుతరు. నేను చెయ్య."

రెండించులు నాకు నామోషీ అనిపించింది. పట్టీలు ఇంకో రోజు విప్పిద్దామని చెప్పి వచ్చేశాను. ఆ వారమే పత్తి వేసుకుని జనగామ పోయాను. మార్కెట్లో దింపాక ఖాళీ బండిని ఒక షాపులో పెట్టి నాలుగించుల దిమ్మెలు వేయించుకున్నాను. వాళ్లది తప్పనను. అడిగింది చేశారు. బండి మీద ఏం వేస్తావని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

ఇంటికి వస్తే అన్న చుట్టూ తిరిగి చూశాడు. "మస్తు లేపిండు గదరా. ఉస్తాదేనా?"

"ఆ" అన్నాను. అంతకు మించి ఒక్క మాట కూడా అబద్ధం ఆడలేదు, కానీ అదొక్కటే చాలింది.

"ఆయన చేసిండంటే ఇగ పరేషానే లేదు" అన్నాడు అన్న. మిర్చి కాలంలో ఆ నమ్మకంతోనే బస్తాల మీదికెక్కి కూర్చున్నాడు. కొత్తగూడ నుంచి గూడూరు వచ్చే దిగుడు మలుపులో బండి ఒరిగింది. నేను స్టీరింగ్ పట్టుకుని ఉన్నాను, నాకు గీత కూడా పడలేదు. అన్న ఎడమ కాలు బండికీ గట్టుకీ మధ్య నలిగింది. కాలు నిలిచింది గాని మోకాలు ఇక వంగదు.

దవాఖాన నుంచి వచ్చిన కొన్ని నెలలకు అన్న కర్ర పట్టుకుని ఉస్తాద్ దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. షాపు ముందు నిలబడి అడిగాడు. "గంత ఎత్తు ఎందుకు లేపినవ్ ఉస్తాద్? నిన్ను నమ్మి ఎక్కిన."

ఉస్తాద్ సుత్తి కింద పెట్టాడు. అన్న కాలు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఇప్పుడు చెబుతాడు, అయిపోయింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెబితే బాగుండుననీ అనుకున్నాను.

"తప్పయింది తమ్మి" అన్నాడు అన్నతో. "మాఫ్ చెయ్యి."

అన్న వెళ్లి బండిలో కూర్చున్నాడు. నేను కదలలేకపోయాను. ఉస్తాద్ గొంతు తగ్గించి, "నువ్వు ఆయనతోని ఒక్క ఇంట్ల బతకాలె, నాతోని కాదు గద. పో. ఎప్పుడన్న నోరొస్తే నువ్వే చెప్పుకో" అన్నాడు.

మర్నాడు బండి తీసుకుపోతే దిమ్మెలు విప్పి, పట్టీలకు వంపు పెట్టి, రెండించులకు దించాడు. లోడు మీదికి మాత్రం ఈసారి నన్ను ఎక్కమన్నాడు. స్టీరింగ్ ఆయన పట్టాడు. మలుపులో నా కాళ్ల కింద బస్తాలు కదిలినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన అద్దంలో చూసే ఉంటాడు, బండి మాత్రం ఆపలేదు.

కాని మాట ఊరుకోదు. గూడూరు, కొత్తగూడ బండ్లు ఆయన షాపుకు పోవడం తగ్గింది. హోటళ్ల దగ్గర ఎవరన్నా ఆయన పేరెత్తితే నేను చాయ్ గ్లాసులోకి చూసేవాణ్ని. నోరొచ్చే రోజు కోసం చూస్తూ నాలుగు మిర్చి కాలాలు గడిపాను.

మట్టికి అన్న కూడా వస్తానన్నాడు. నమాజుకు ముందు ఉస్తాద్ కొడుకు అందరి ముందు నిలబడి, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు. "మా అబ్బా ఎవరికన్న తప్పు చేసుంటే, ఎవరి మనసన్న నొప్పిస్తే, అల్లా కోసం మాఫ్ చెయ్యండ్రి." పోయినవాళ్ల తరఫున అలా అడగడం వాళ్ల ఆనవాయితీ. పక్కన నిలబడ్డ మా అన్న కర్ర ఎత్తి, అందరికీ వినబడేలా, "నేను మాఫ్ చేసిన" అన్నాడు. జనం అన్న కాలు చూసి తలలూపారు. నేను అప్పుడూ నోరు విప్పలేదు.

తిరుగు దారిలో మానుకోట దాటాక చెప్పాను. "అన్నా, బండి లేపింది ఉస్తాద్ కాదు. జనగామల నేనే చేపిచ్చిన. ఆయన వద్దన్నడు."

అన్న నా వైపు తిరిగాడు. "మరి గా దినం నన్ను మాఫ్ ఎందుకడిగిండు?"

"నా మొకం చూసి."

"బండి ఎనక్కి మలుపు" అన్నాడు.

మేం మళ్లీ ఖబరస్తాన్‌కు వచ్చేసరికి జనం వెళ్లిపోయారు. నేను కూడా దిగబోతే, "నువ్వు రాకు" అన్నాడు. గేటు దగ్గరే ఆగిపోయాను. అన్న చెప్పులు విడిచి, ఉస్తాద్ గోరీ మీది పచ్చి మట్టి దాకా కర్రతో నడిచాడు. ఏం మాట్లాడాడో నాకు వినబడలేదు. కాసేపటికి కర్ర పక్కన పడేసి, చేతులు నేలకానించి, వంగని కాలు ముందుకు చాపి ఆ మట్టి పక్కన కూలబడ్డాడు. అక్కడి నుంచి అన్న తనంతట తాను లేవలేడు, ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. ఎంతసేపైనా ఆయన నా వైపు తిరగలేదు.