రెండు తలుపులు, ఒక దుప్పటి

మా మరదలికి షికాగో దగ్గర నేపర్‌విల్‌లో బాబు పుట్టినప్పుడు మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి మూడు నెలలు అక్కడే ఉన్నారు. తర్వాత కొన్నాళ్ళు మిషిగన్‌లో, ట్రాయ్‌లోని మా ఇంట్లో ఉండాలని అక్కచెల్లెళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారు. జనవరిలో ఆవిడని తీసుకురావడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. నా భార్యకి ఆ వారాంతం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్, మా అమ్మాయికి స్విమ్ మీట్, ఈత పోటీలు.

"ఆదివారం మధ్యాహ్నం నుంచి లేక్ మిషిగన్ పక్కన స్నో బాగా పడుతుందట. సోమవారం లీవ్ పెట్టి నెమ్మదిగా రారాదా?" అంది నా భార్య, నేను బయల్దేరేముందు.

"ట్రక్కులో వెళ్తున్నాను కదా," అన్నాను.

నేను డెట్రాయిట్ వైపు ఒక కంపెనీలో ట్రక్కుల బ్రేకుల మీద పని చేస్తాను. అందుకో, అదొక సాకుగానో, మా స్నేహితులందరూ మినీవ్యాన్లు కొనుక్కుంటుంటే నేను పికప్ కొన్నాను. ముందు నాలుగు తలుపుల క్యాబిన్, వెనక సామాన్లు వేసుకునే తొట్టి, నాలుగు చక్రాలకీ పవరు. తొట్టి ఖాళీగా ఉంటే మంచులో వెనక చక్రాలు తేలిపోతాయని చలికాలమంతా అందులో ఇసుక బస్తాలు వేసి ఉంచుతాను. ఇవన్నీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్తుంటాను.

ఆదివారం పొద్దున అనుకున్నదానికంటే ఆలస్యంగా బయల్దేరాం. మనవణ్ణి వదిలి రావడానికి అత్తగారికి కాళ్ళాడలేదు. ఆవిడ కోనసీమలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. మనిషి సన్నగా, నిటారుగా ఉంటారు. నేత చీర మీద మోకాళ్ళ దాకా కోటు, సాక్సుల మీద తెల్ల బూట్లు. ట్రక్కు ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎక్కడానికి చెయ్యి పట్టుకోవాలి. నేను పట్టుకోలేను, ఆవిడ పట్టుకోనివ్వరు. మా మరదలు వంటింట్లోంచి చిన్న స్టూలు తెచ్చి వేస్తే దాని మీంచి ఎక్కారు. ముందు సీట్లో కూర్చోమన్నాను. "వెనకాలే బావుంటుందండీ నాకు," అన్నారు.

పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆవిడా నేనూ ఇద్దరమే ఒక గదిలో పది నిమిషాలు కూర్చున్నది లేదు. నాకు ఏం కావాలో ఆవిడ కూతుర్ని అడుగుతారు. ఆవిడకి ఏం కావాలో నేను నా భార్యని అడుగుతాను. అది గౌరవమనే ఇద్దరం అనుకునేవాళ్ళం. బయల్దేరేముందు నేను పెద్ద గ్లాసుడు కాఫీ తీసుకున్నాను. ఆవిడ కాఫీ కాదు కదా, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. దారిలో ఒక గ్యాస్ స్టేషన్లో ఆగినప్పుడు "ఏమైనా కావాలా అత్తయ్యగారూ?" అని అడిగాను. "ఏం వద్దండీ" అన్నారు. అంతటితో అడగడం అయిపోయిందనుకున్నాను.

ఇండియానా దాటి మిషిగన్‌లోకి వచ్చేసరికి ఆకాశం, రోడ్డు ఒకటే రంగు అయ్యాయి. సరస్సు మీంచి వచ్చే మంచు రాలినట్టుండదు, అడ్డంగా కొడుతుంది. వైపర్లు తుడుస్తున్నా అద్దం మీద మళ్ళీ పేరుకుంటోంది. ఒక వంపులో ట్రక్కు వెనక భాగం కొంచెం పక్కకి జారింది. స్టీరింగ్ అటే తిప్పి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి సర్దుకున్నాను. అద్దంలో చూస్తే అత్తగారు పై హ్యాండిల్ పట్టుకుని ఉన్నారు.

"భయం లేదత్తయ్యగారూ. ఇది ఇలాంటి వెదర్ కోసమే చేసిన బండి."

"మీరు రోడ్డు చూడండి," అన్నారు ఆవిడ, నెమ్మదిగానే.

ఇంకాస్త దూరం పోయాక ముందంతా ఎర్ర లైట్లు కనిపించాయి. ఒక్కొక్క బండీ ఆగుతూ వచ్చి అన్నీ ఆగిపోయాయి. నేను కుడి లేన్లో ఉన్నాను. నా ముందు ఒక మినీవ్యాన్, వెనక పద్దెనిమిది చక్రాల పెద్ద లారీ, కుడిపక్క రోడ్డు వార మంచు కప్పేసిన షోల్డర్, దాని అవతల ఆకుల్లేని చెట్లు. ముందెక్కడో లారీలు ఒకదాన్నొకటి గుద్దుకుని రోడ్డుకి అడ్డం పడ్డాయని, హైవే మూసేశారని ఫోన్లో చూశాను. ఎప్పుడు తెరుస్తారో అందులో లేదు.

అత్తగారు సంచిలోంచి పులిహోర డబ్బా తీసి నాకు అందించారు. నేను తిన్నాను. మీరు కూడా తినండంటే ఆకలి లేదన్నారు. నీళ్ళ సీసా ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

గంట గడిచింది. నా కాఫీ తన పని తను చేసింది. అత్తగారి ముందు ఆ మాట ఎలా అనాలో తెలియక, "ముందు ఏమైందో కనుక్కొస్తాను," అని దిగాను. అన్ని బండ్లలోంచీ మగవాళ్ళు అలాగే దిగి, అలాగే చెట్ల వైపు తిరిగి నిలబడి ఉన్నారు. నేనూ ఒక చెట్టు చూసుకున్నాను. తిరిగొచ్చి చేతులకి శానిటైజర్ రాసుకుంటుంటే వెనకనుంచి, "ఏమైందటండీ?" అని అడిగారు.

"లారీ అడ్డం పడిందట. తీస్తున్నారట," అన్నాను. నేను ఎవరినీ అడగలేదు.

ఇంకో గంటకి మళ్ళీ దిగాను, మళ్ళీ అదే మాట చెప్పి. ఈసారి తిరిగొచ్చేసరికి ఆవిడ ముందుకి వంగి, నా సీటు వెనక నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒక చేతిలో ఫోను.

"ఒంట్లో బాలేదా అత్తయ్యగారూ? కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఏం లేదండీ."

హీటర్ ఎక్కువైందేమోనని తగ్గించాను. వాంతి అవుతుందేమోనని డాష్‌బోర్డులోంచి టాబ్లెట్ తీసి, దాంతోపాటు మళ్ళీ నీళ్ళ సీసా చాపాను. ఆవిడ కళ్ళు తెరిచి ఆ సీసా వైపు చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

అప్పుడు నా భార్య ఫోన్ చేసింది. ట్రక్కులో ఫోన్ వస్తే దానంతట అదే స్పీకర్లలోకి వెళ్తుంది. క్యాబిన్ నిండా ఆమె గొంతు మోగింది.

"నువ్వేం చేస్తున్నావు అక్కడ? అమ్మ బాత్రూమ్‌కి వెళ్ళాలట. గంట నుంచి నాకు మెసేజ్‌లు పెడుతోంది. నేను మీట్‌లో ఉండి చూసుకోలేదు. ఆపుకోలేకపోతోందట. పక్కనే ఉన్నావు, నీకు తెలీదా?"

నేను ఏ బటన్ నొక్కాలో మర్చిపోయాను.

"హలో? స్పీకర్ మీద ఉన్నానా?" అంది నా భార్య. ఆమె ఫోన్ పెట్టేసింది.

వెనక్కి తిరగలేక ముందు అద్దంలోంచి ముందున్న మినీవ్యాన్‌నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత, "ఇప్పుడే వస్తానత్తయ్యగారూ," అని దిగి, ఆ మినీవ్యాన్ కిటికీ మీద తట్టాను. యాభై ఏళ్ళ అమెరికన్ ఆవిడ అద్దం దించింది. పక్కన టీనేజ్ కూతురు. మా అత్తగారు పెద్దావిడ, చీరలో ఉన్నారు, అంటూ ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడే భాష అక్కడ నాకు ముక్క రాలేదు. నేను సగంలో ఉండగానే ఆవిడకి అర్థమైంది. వెనక సీట్లోంచి మందపాటి దుప్పటి లాగి, టోపీ పెట్టుకుని, కూతురితో సహా దిగింది.

ట్రక్కు కుడివైపు ముందు తలుపు, వెనక తలుపు రెండూ పూర్తిగా తెరిపించింది. ఆ రెంటి మధ్యా చిన్న గదిలాంటి జాగా ఏర్పడింది. నాలుగో పక్క తల్లీకూతుళ్ళు దుప్పటి అడ్డం పట్టి, వీపులు తిప్పి నిలబడ్డారు. నన్ను దూరంగా పొమ్మని తల ఊపింది.

సరిగ్గా అప్పుడు ట్రక్కు తన తెలివి చూపించింది. తలుపులు తెరిస్తే లోపలి దీపాలు వెలుగుతాయి. దిగేవాళ్ళకి కాలి కింద కనపడాలని పక్క అద్దాల కింద కూడా దీపాలు వెలిగి నేల మీద పడతాయి. ఇంజన్ నడుస్తోంది కాబట్టి టింగ్ టింగ్ అని గంట కూడా మోగుతుంది. ఆ సాయంకాలపు మసక వెలుతురులో నా ట్రక్కు పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. నేను అటు పరుగెత్తి, డ్రైవర్ వైపు నుంచి తల లోపలికి పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, తడుముకుంటూ ఇంజన్ ఆపాను. గంట ఆగింది. దీపాలు ఆరలేదు. వాటి బటన్ ఎక్కడుందో కళ్ళు తెరిస్తేగానీ దొరకదు. తెరవకుండానే వేళ్ళతో ఒక్కొక్కటీ నొక్కుతూ పోయాను. వైపర్లు కదిలాయి, రేడియో మోగి ఆగింది, చివరికి దీపాలు ఆరాయి. దుప్పటి అవతల నుంచి అత్తగారి గొంతు సన్నగా వినిపించింది. "మీరు వెళ్ళండి బాబూ."

వెళ్ళాను. వెనకున్న లారీ దగ్గరికి పోయి దాని ముందు నిలబడ్డాను. పైన కూర్చున్న డ్రైవర్‌కి ఏమర్థమైందో, తన హెడ్‌లైట్లు ఆర్పేశాడు. నేను అతని వైపు తల ఎత్తలేదు. బూట్లలోకి మంచు దిగుతుంటే అలాగే నిలబడ్డాను.

ఆ తల్లీకూతుళ్ళు పిలిచాక వచ్చాను. అత్తగారు సీట్లో కూర్చుని ఉన్నారు. చీర అంచు తడిసి అప్పుడే బిరుసెక్కుతోంది. ఆవిడ ఆ అమెరికన్ ఆవిడ చేతిని రెండు చేతుల్లోనూ పట్టుకుని "థాంక్యూ అమ్మా, థాంక్యూ" అంటున్నారు. ఆమె ఏమీ జరగనట్టు, తన కుక్కకి మంచంటే ఎంత ఇష్టమో చెప్పి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది.

తలుపులు వేసి ఇంజన్ ఆన్ చేశాను. వెనక సీటు కనపడకుండా అద్దాన్ని పైకి తిప్పేశాను.

"ఆ నీళ్ళ సీసా ఇటివ్వండి," అన్నారు ఆవిడ.

ఇచ్చాను. ఒక్క బిగిన సీసా అంతా తాగారు. తర్వాత పులిహోర డబ్బా మూత తీసిన చప్పుడైంది.

"నాకు చెప్పాల్సిందత్తయ్యగారూ," అన్నాను, రోడ్డు వైపే చూస్తూ.

"ఎలా చెప్తానండీ?"

కాసేపు తిన్నాక ఆవిడే మళ్ళీ అన్నారు. "నేను జాయినైనప్పుడు మా బళ్ళో ఆడపిల్లలకి బాత్రూములు లేవు. పిల్లలు పొద్దున్నుంచీ నీళ్ళు తాగేవాళ్ళు కాదు, ఇంటికెళ్ళేదాకా. టీచర్లమూ అంతే. ఎండాకాలం పిల్లలు ప్రేయర్లో పడిపోయేవాళ్ళు. తర్వాత కట్టించాం లెండి. కానీ ప్రయాణమంటే నాకు ఇప్పటికీ అదే అలవాటు."

"అయ్యో," అన్నాను.

"మీరు రెండుసార్లు దిగారు కదా. ఎందుకు దిగారో నాకు తెలీదనుకున్నారా? రెండోసారి దిగినప్పుడు అనుకున్నాను, వచ్చాక నన్ను కూడా అడుగుతారేమోనని. కూతురికి మెసేజ్ పెట్టడం ఆపి చూశాను. మీరొచ్చి టాబ్లెట్ ఇచ్చారు."

అందులో నిష్ఠూరం లేదు. పరీక్షలో పిల్లాడు ఎక్కడ తప్పాడో చెప్పినట్టు చెప్పారు. నాకు మటుకు సీట్లో కూరుకుపోవాలనిపించింది. ఆవిడ సిగ్గుపడి చెప్పలేదన్నది నిజమే. కానీ ఆ సిగ్గు పక్కన కూర్చున్నవాడికి అర్థం కావలసినంత సేపు నేను ఆవిడ పక్కనే ఉన్నాను. నా అవసరం నేను తీర్చుకుని, శుభ్రంగా చేతులు తుడుచుకుని, అబద్ధం కూడా చెప్పాను. సాటి మనిషి అనుకోవలసిన చోట అత్తగారు అనుకున్నాను, అంతే.

చీకటి పడ్డాక రోడ్డు తెరిచారు. మంచు కరగడానికి ఉప్పు చల్లే బండి వెనకాల నత్తనడకన పోయాం. రెస్ట్ ఏరియా బోర్డు కనిపించగానే, "ఆగుతున్నానత్తయ్యగారూ, బాత్రూమ్‌కి వెళ్ళిరండి," అని గట్టిగా అనేశాను. "సరేనండీ," అన్నారు. ఆ చిన్న స్టూలు నేపర్‌విల్‌లోనే ఉండిపోయింది. దిగేటప్పుడు నేను చెయ్యి చాపాను. ఒక్క క్షణం చూసి పట్టుకున్నారు.

ఇంటికి చేరగానే ఆవిడ నేరుగా స్నానానికి వెళ్ళారు. నా భార్య నాతో మాట్లాడలేదు. నేను తిట్లకి సిద్ధపడే పడుకున్నాను. పొద్దున లేచేసరికి వంటింట్లో తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి నా భార్య కాఫీ కప్పు అందిస్తూ నవ్వింది. "సారీ, నిన్న అరిచాను. అమ్మ అంతా చెప్పింది. నువ్వే పోయి ఆవిడెవరినో తీసుకొచ్చి, అంతా అరేంజ్ చేశావట కదా."

అత్తగారు పొయ్యి వైపు తిరిగి దోసె వేస్తున్నారు. "అల్లుడుగారు లేకపోతే ఏమైపోయేదాన్నో," అన్నారు, వెనక్కి తిరక్కుండా.

తర్వాత నెలల్లో ఆ కథ మా స్నేహితుల ఇళ్ళన్నీ తిరిగింది. ట్రక్కు తలుపులు, దుప్పటి, లైట్లు ఆర్పిన డ్రైవరు. తలో వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో ఒకాయన నా భుజం తట్టి, "అల్లుడంటే ఇలా ఉండాలి," అని తన అల్లుడికి వినపడేట్టు అన్నాడు. నేను ప్లేటులోకి చూస్తూ నవ్వాను. గదికి అటు చివర అత్తగారు ఎవరి పాపనో ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా వైపు చూశారు. నేను ఆ రోజు ఏం అడగలేదో మా ఇద్దరికే తెలుసు. నా భార్యకి ఆవిడ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.