వేయని చుక్కలు

2008లో నేను న్యూజెర్సీలోని ఒక కంటి ఆసుపత్రిలో, రెటీనా పరీక్షల విభాగంలో సీనియర్ టెక్నీషియన్‌ని. చూపు పోయిన కళ్ళు కూడా వెలుగును పట్టుకుంటాయని కనిపెట్టింది నేనే. ఐసెలిన్‌లో మనవాళ్ళ హోటళ్ళలో టీ తాగుతూ చాలామందికి ఈ మాట చెప్పాను. నిజానికి శాస్త్రజ్ఞులు అంతకు కొన్నేళ్ళ ముందే కనిపెట్టారు. నేను చేసింది ఒక పొరపాటు.

రెటీనా కంటి లోపలి గోడను అంటుకున్న పలుచని పొర. మెదడు బయట ఉన్నా అదీ నాడీకణాల అల్లికే. వెలుగు పడితే అందులో పుట్టే విద్యుత్తును మేం తీగలతో పట్టి గీతగా తీసేవాళ్ళం. ఆ గీతను చదివి చెప్పే అధికారం డాక్టరుది. టెక్నీషియన్ నోరు మెదపకూడదు.

ఆ మార్చిలో పిస్కాటవే నుంచి సరోజినమ్మ గారిని మనవరాలు కారులో తీసుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. రెటీనా క్షీణించి పదిహేనేళ్ళుగా పూర్తి చీకటి. పైగా నల్లగుడ్డు మీద మానని పుండ్లు, నొప్పి. రెండు కళ్ళూ తీసేసి కృత్రిమమైనవి పెట్టాలని సర్జన్ ఆలోచన. మా గీత చదునుగా వస్తే మరుసటి వారమే ఆపరేషన్.

"చూడని కళ్ళు ఉంటే ఎంత, పోతే ఎంత బాబూ. నొప్పి తగ్గితే చాలు," అన్నారావిడ.

"కానీ అంకుల్, అమ్మమ్మ ఎవ్రీ డే సన్‌రైజ్‌కి లేస్తుంది. నో అలారం. వియర్డ్ కదా?" అంది మనవరాలు.

"కోళ్ళు లేవడం లేదూ? నన్నూ ఆ జాబితాలో వేసుకో."

పద్ధతి ప్రకారం ముందు కంటిపాపను విప్పార్చే చుక్కలు వేసి, ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చోబెట్టాలి. సీసా చేతిలోకి తీసుకున్నాను. మీది ఏ ఊరని అడిగారావిడ. తెనాలి దగ్గరన్నాను.

"అయితే గోంగూరలో ఎండుమిర్చి వేస్తారా, పచ్చిమిర్చా?"

సీసా బల్ల మీదికీ, నా బుద్ధి గోంగూర మీదికీ వెళ్ళాయి.

పరీక్షలో గీత చదునుగానే వచ్చింది. ఆఖరున బలమైన నీలం వెలుగు వేశాను. కెమెరా తెర మీద విశాలంగా ఉన్న కంటిపాప మెల్లగా ముడుచుకోసాగింది. చుక్కలు పడిన కంటిపాప అలా కదలదు. అప్పుడు చూశాను, సీసా మూత తీయనే లేదు. వెలుగు ఆర్పేశాను. అయినా కంటిపాప వెంటనే తెరుచుకోలేదు. పోయిన వెలుగును ఇంకా పట్టుకుని ఉన్నట్టు చాలాసేపు అలాగే ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా ఒళ్ళు జలదరించింది ఆ ఒక్కసారే. ముప్పై కాదు, ఇరవై రెండు.

చుక్కలు కావాలనే వేయలేదని సర్జన్‌కు చెప్పాను. అబద్ధం. ఆయన నన్ను ఎగాదిగా చూసి, తానే ఎరుపు, నీలం వెలుగులు వేసి చూశారు. ఎరుపుకు చలనం లేదు. నీలానికి ముడుచుకుంది. రూపాలను పట్టే కణాలు చచ్చిపోయినా, మెదడుకు కబురు మోసే నాడీకణాల్లో కొన్ని తామే వెలుగును పట్టి, పగలో రాత్రో చెబుతున్నాయన్నారు. కళ్ళు తీస్తే ఆ పొద్దు కూడా పోతుంది.

ఆవిడకు తెలుగులో చెప్పే పని నాకు పడింది.

"అయితే ఇన్నాళ్ళూ నన్ను లేపుతున్నది ఇవేనా? ఉండనివ్వండి బాబూ. నొప్పికి ఇంకేదైనా చూడండి."

నల్లగుడ్డును కప్పే పెద్ద లెన్స్ అమర్చాక నొప్పి చాలావరకు అదుపులోకి వచ్చింది. కళ్ళు ఉండిపోయాయి.

చుక్కలకు ముందు కంటిపాపను పరీక్షించినట్టు టిక్కు పెట్టే గడి మా ఫారంలో మొదటి నుంచీ ఉంది. చూడకుండానే పెట్టేవాణ్ణి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా చూసి పెట్టాను. గీత చదునుగా వచ్చిందంటే మా యంత్రానికి వినబడలేదని మాత్రమే అర్థం.