తేడా రాని ఊరు

తొంభైలల్ల భద్రాచలం అవతలి అడవి ఊళ్లల్ల సర్వే నౌకరి చేసిన. పెద్దలకు చదువు చెప్పే కేంద్రం ఒక ఊళ్లె పెట్టిన్రు. రెండు కోసుల అవతలి ఊళ్లె కావాలనే ఏం పెట్టలే. కేంద్రం పెట్టకముందు రెండు ఊళ్ల ఆడోళ్లకు ఒకటే పరీక్ష, ఏడాది అయినంక మళ్ల అదే పరీక్ష. రెండు ఊళ్ల నడుమ ఎంత తేడా వస్తే చదువు అంత పనిచేసినట్టు. తేడా రాకుంటే కేంద్రం బంద్.

రెండో పరీక్షకు పోయిన పొద్దు యాదికొస్తే ఇప్పటికీ మనసు తేలిపోతది. బాట నిండ ఇప్పపూలు. ఆ వాసనల నడుస్తున్ననో, నిద్రల ఉన్ననో నాకే తెలవలే. కేంద్రం ఊళ్లె ఆడోళ్లు పేర్లు రాసిన్రు, బస్సు బోర్డు చదివిన్రు. సంబురంగ రెండో ఊరికి పోయిన.

అక్కడ గూడ రాసిన్రు. వాకిట్ల కూసున్నోళ్లందరు రాసిన్రు. ఇగ తేడా ఏడికెల్లి వస్తది? ఎవరు నేర్పిన్రని అడిగితే ఒక ముసలమ్మ నవ్వుకుంట చెప్పింది. ఆమె బిడ్డను కేంద్రం ఉన్న ఊళ్లెనే ఇచ్చి పెండ్లి చేసిన్రట, అక్కడ చదువు నేర్చుకున్నదట. పురుడుకు తల్లిగారింటికొచ్చి, పసిపిల్లను ఒళ్లె పెట్టుకొని, ఉన్నన్ని దినాలు అందరితోని పలక దిద్దిచ్చి పోయిందట. మేం ఊళ్ల నడుమ దూరం కొలిచినం గని వియ్యం అడగలే. ఏం తెలివి మాది!

ఖమ్మం ఆఫీసుల సారుకు మొత్తం చెప్పిన. చదువు పనిచెయ్యక కాదు, రెండు ఊళ్లకు పాకిందని మొత్తుకున్న. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తేడా లేదు గదా అన్నడు. కారణం రాసేటందుకు ఫారంల జాగ లేదన్నడు. నాకు కోపమొచ్చింది, నౌకరి పోతదని భయం గూడ అయింది. తేడా లేదన్న ఆ ఫారం మీద సంతకం పెట్టిన.

వానలు మొదలైనంక బంద్ చేసే కాయితం నా చేతికే ఇచ్చి పంపిన్రు. కేంద్రంల పలక దిద్దిచ్చిన ఆ బాలింతే ఉన్నది. కాయితం తీసుకొని, అక్షరం కింద వేలు పెట్టుకుంట మెల్లగ చదివింది.

"మాకు చదువు రాలేదని రాసిన్రు. మరి గిది నేనెట్ల చదువుతున్న అక్కా?"

 ఆమె వేలు ఇంకా కిందికి పోయింది. పరీక్ష పెట్టినోళ్ల పేరు చదివింది. అది నా పేరే.