గోలెంలో జొన్నలు

యాభై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను. అంతకుముందు రాయలేదంటే రాయడం రాక. వచ్చాక కూడా మూడేళ్ళు ఈ సంగతి జోలికి పోలేదు. నిన్న ఆరోగ్య కార్యకర్త వచ్చి, మా నీళ్ళ తొట్టిలోకి టార్చి వేసి చూసి, "మస్తు శుభ్రంగ ఉంచినవ్ పెద్దమ్మా" అని మెచ్చుకుంది. ఆ మెప్పు మింగుడు పడలేదు. అందుకే రాస్తున్నాను.

రాయచూరు దగ్గరి కరెంటు ప్లాంటులో బొగ్గు దింపే పని దొరికిందని నా భర్త వెంట దేవదుర్గ నుంచి వచ్చిన రోజులవి. కుళాయి వారానికి ఒక్కసారి. ఆ నీళ్ళన్నీ మనిషి నడుమెత్తు మట్టి గోలెంలో పోసేదాన్ని. అడుగున మిగిలినవాటిని పారబోయడానికి చేతులు రాక, వాటిమీదే కొత్తవి పోసేదాన్ని. పైన తేలే ప్లాంటు బూడిదను గుడ్డతో వడగట్టేదాన్ని గాని, లోపల గిలగిలలాడే సన్న పురుగులను ఎన్నడూ లెక్కచేయలేదు. నాకు బూడిదంటేనే భయం. ఒకనాడు సర్కారు ఆసుపత్రి నర్సమ్మ వాడలోకి వచ్చి, దోమలు గుడ్లు పెడుతున్నాయని అందరి నిలవ నీళ్ళూ పారబోయిస్తోందని తెలిసింది. గబగబా గోలెం మీద చెక్క పలక వేసి, గోనె కప్పి, చేట పెట్టాను.

"అండ్ల ఏముందమ్మా?"

"జొన్నలు."

మాతోనే ఉండే నా ఆడబిడ్డ, పదహారేళ్ళది, ఓణీ కొంగు నోట్లో కుక్కుకుంది. నర్సమ్మ గడప దాటగానే, "వదినా, పైలం! నీ జొన్నలకు మొలకలొస్తయి" అని పొట్ట పట్టుకుని నవ్వింది. "నవ్వింది చాలుగని, పారబోస్తే నువ్వు మోసుకొస్తవా?" అన్నాను.

పక్షం తిరక్కుండా దానికి జ్వరం. మూడోనాడు తగ్గితే గండం గడిచిందనుకుని గంజి పోశాను. నాలుగోనాడు చిగుళ్ళ నుంచి నెత్తురు. రాయచూరు ఆసుపత్రిలో డాక్టరు, "ఇంట్ల నీళ్ళు నిలవుంటయా?" అని అడిగాడు. నేను తలొంచుకున్నాను. మంచం మీంచి అదే చెప్పింది: "లేవు సార్. జొన్నలుంటయి." జ్వరంలో ఏదో అంటోందనుకున్నాడాయన. అది నా వైపు చూసి నవ్వింది. ఆ సాయంత్రమే పోయింది. దాన్ని మట్టిలో కలిపి ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున గోలెం నీళ్ళు చెంబుతో తోడి వాకిట్లో పారబోశాను. లోపల కొబ్బరిపీచుతో తోమాను. అదీ నేనూ చెరోవైపు పట్టుకుంటే గాని కదలని గోలేన్ని ఒక్కదాన్నే ఎండలోకి దొర్లించాను. అరగంటలో ఎండిపోయింది. అరగంట పనే.