దేవిడీ వంటింట్లో వెల్లుల్లి వాసన

1957 వానాకాలంలో నన్ను అఫ్జల్‌గంజ్ సర్కిల్‌కు తనిఖీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. మూసీకి అటువైపు దుకాణాలు, ఇటు పాతబస్తీ, దక్షిణాన చాంద్రాయణగుట్ట దాకా నా హద్దు. కిరసనాయిలు గోదాములు, వెల్డింగు షాపుల కార్బైడ్ డబ్బాలు, పెళ్లి ఊరేగింపులకు గ్యాసు దీపాలు కిరాయికిచ్చేవాళ్ల సామాను చూడడం నా పని. జాగీర్లు పోయాక మా ఇంట్లో జీతానికి పనిచేసిన మొదటివాణ్ని నేను. షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని సైకిలు మీద వెళ్లేవాణ్ని. మా తాతగారి పేరుతో ఒక గల్లీ ఇప్పటికీ ఉంది. ఆ పేరు చెప్పి ఎక్కడా పని జరిపించుకోలేదు.

ఇప్పటి వంటగ్యాసు సిలిండర్లు ఆ రోజుల్లో పాతబస్తీలో నేను చూడలేదు. జాగీర్దార్ల పెద్ద ఇళ్లైన దేవిడీలు కొన్నిటిలో మాత్రం, కరెంటు రాకముందు దీపాలకోసం పెట్టించిన కార్బైడ్ గ్యాసు యంత్రాలు మూలన పడి ఉండేవి. కార్బైడ్ రాళ్ల మీద నీళ్లు చుక్కచుక్కగా పడితే గ్యాసు పుడుతుంది. నీళ్లలో బోర్లించిన ఇనుప డ్రమ్ములోకి అది చేరుతుంది. అక్కడినుంచి గొట్టాల ద్వారా ఇంట్లోకి వెళుతుంది. అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణదారు ఈ పాత యంత్రాలను బాగుచేసి, గొట్టాన్ని వంటింటిదాకా పొడిగించి, పొగలేని పొయ్యి అని అమ్మడం మొదలుపెట్టాడు.

దీనికి ఒక నియమం ఉంది. గొట్టాలు బిగించాక పొయ్యి కుళాయి కట్టేసి, లోపలికి గాలి కొట్టి, డ్రమ్ము నుంచి ఆఖరి కుళాయి దాకా ప్రతి కీలుకూ సబ్బు నీళ్లు పూయాలి. బుడగ లేస్తే అక్కడ గ్యాసు కారుతున్నట్టు. అన్నీ సరిగా ఉంటే దుకాణదారు పరీక్ష పత్రం రాసివ్వాలి, మా ఇన్‌స్పెక్టరు చూసి దానిమీద సంతకం చేయాలి. ఇవేవీ తెలియనివాళ్లకు కూడా ఒక హెచ్చరిక ఉంది. కార్బైడ్ గ్యాసు కారితే వెల్లుల్లి వాసన వస్తుంది.

నేను చేరిన కొద్దిరోజులకే, నరసింగరావు గారి దేవిడీ వంటింట్లో పొద్దున పొయ్యి వెలిగించబోతే మంట గుప్పున లేచి వంట చేసే అనసూయమ్మ చేతులూ ముఖమూ కాలాయని పోలీసులు మాకు రాశారు. ఆమె రాత్రి కుళాయి కట్టకుండా పడుకుందని రావుగారు వాంగ్మూలం ఇచ్చారు. మా శాఖ అభిప్రాయం కూడా అదే అయితే కేసు ఆమె మీద పడుతుంది. ఆ తర్వాత ఏ ఇల్లూ ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వదు. భర్త పోయిన మనిషి, వేరే ఆధారం లేదు.

నేను వెళ్లేసరికి రావుగారు దివాన్‌ఖానాలో ఉన్నారు. కుర్చీ చూపించారు. నిలబడే ఉన్నాను.

"మీ తాత, మా తాత ఒక్క దర్బార్ల కూసున్నోళ్లు. గీ వంటామె కోసం మనకు మనకు లొల్లి ఎందుకు?" అన్నారు.

వంటిల్లు చూడాలన్నాను. అది ఆడవాళ్లుండే జనానాలో ఉందని, ఇంట్లో ఘోషా పాటిస్తారని, పరాయి మగవాళ్లు తెర దాటరని చెప్పారు. మా ఇంట్లోనూ ఘోషా ఉందని, ఆడవాళ్లు మేడ మీదికి వెళ్లాక పిలవమని చెప్పి వరండాలో నిలుచున్నాను. చాలాసేపు నిలబెట్టారు.

లోపల పొయ్యి కుళాయి కట్టే ఉంది. మంట లేచాక అందరూ బయటికి పరుగెత్తారని, పోలీసులు వచ్చేదాకా ఎవరూ లోపలికి పోలేదని రావుగారే చెప్పారు. అట్లయితే కాలిన చేతులతో ఆవిడే వెనక్కి వచ్చి కుళాయి కట్టిందా అని అడిగాను.

సైకిలు పంపుతో గొట్టంలోకి గాలి కొట్టించి సబ్బు నీళ్లు పూశాను. యంత్రం నుంచి జనానా తెర దాకా ప్రతి కీలుకూ జనుపనార చుట్టి, లప్పం పట్టించి ఉంది. ఒక్క బుడగ లేదు. తెర దాటాక కీళ్లకు ఉత్త గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. పొయ్యి వెనక కీలు దగ్గర సబ్బు నురగ పొంగింది.

పిలిపిస్తే దుకాణదారు వచ్చాడు. అతని మాటల్లో తేలింది ఇది: ఫిట్టరును తెర దగ్గరే ఆపేశారు. గొట్టం ముక్కలు తెర కింద నుంచి లోపలికి జరిపాడు. లోపల ముసలి దాసి వాటిని చేత్తో తిప్పి బిగించింది. ఇంకా తిప్పు, ఇంకా తిప్పు అని ఇతను ఇవతలినుంచి అరిచాడు. పరీక్ష పత్రంలో మాత్రం "గొట్టమంతా పరీక్షించబడినది" అని ఉంది. నాకు ముందున్న ఇన్‌స్పెక్టరు దివాన్‌ఖానాలో చాయ్ తాగి దానిమీద సంతకం పెట్టాడు.

"పర్దాల ఎట్ల పోతం సాబ్? ఇజ్జత్‌దార్ ఇల్లు," అన్నాడు దుకాణదారు.

"పోలేనోనివి పోయి చూసినట్టు ఎందుకు రాసినవ్?"

"అందరికీ గట్లనే రాస్తం సాబ్."

ఆ మాట అతను సిగ్గు లేకుండా, అదేదో మర్యాద అన్నట్టు చెప్పాడు. ఇంకెన్ని దేవిడీల్లో ఇట్లా బిగించాడో అడిగి, ఆ సాయంత్రానికే అన్నిటికీ కార్బైడ్ ఆపించాను.

ఆసుపత్రిలో అనసూయమ్మ రెండు చేతులకూ కట్లు. మాట మాత్రం గట్టిగానే ఉంది.

"కొత్త పొయ్యి పెట్టినకాన్నుంచి ఎల్లిగడ్డ వాసన వస్తుందని పెద్దమ్మగారికి చెప్పిన సారూ. గా ఇంట్ల ఎల్లిగడ్డ పేరు గూడ ఎత్తరు. నేనే తిని వచ్చిననని నా నోరు వాసన చూసిన్రు, నా పెట్టె దులిపిన్రు. తానం చేసి తడిబట్టతోని వంటింట్లకు రమ్మన్నరు. గొట్టాన్ని మాత్రం ఎవ్వరు వాసన చూడలె."

"తర్వాత?"

"నా దగ్గర ఏం దొర్కలే. ఇగ పక్కింటోళ్ల వంట వాసనని తీర్మానం చేసిన్రు. వాళ్లు తింటరు గదా. వంటింటి కిటికీ తెరుచుకోకుండ మొలలు కొట్టించిన్రు. తెల్లారి అగ్గిపుల్ల గీసిన, గంతే."

నేను తిరిగి వెళ్లి ఆ కిటికీ చూశాను. కొత్త మేకులు, చెక్క మీద సుత్తి దెబ్బలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. వాసన వస్తోందని చెప్పిన మనిషిని మైలపడ్డదానిలా చూసి, గాలి వచ్చే ఒక్క దారినీ మూసి, చివరికి నేరం ఆమె మీదే వేశారు. వీళ్లు మా వర్గం వాళ్లు. నా తాత కూర్చున్న దర్బారులో కూర్చున్నవాళ్ల సంతానం. నాకు ఆ రోజు వచ్చినంత కోపం జాగీరు పోయిన రోజున కూడా రాలేదు.

నివేదికలో చూసింది చూసినట్టు రాశాను. కుళాయి కట్టి ఉంది. తెర లోపలి కీళ్లు బిగించినవాళ్లకు ఆ పని రాదు, వాటిని ఎవరూ పరీక్షించలేదు. వాసన గురించి ముందే చెప్పినా వినకుండా కిటికీ మూశారు. మా సూపరింటెండెంటు చదివి, కారణం ఇదమిత్థంగా తేలలేదని, వాడేవారు జాగ్రత్తగా ఉండాలని రాస్తే సరిపోతుందన్నారు. పరీక్ష పత్రం మీద మన సంతకం కూడా ఉంది కదా అని గుర్తుచేశారు. ఉంది కాబట్టే రాశానన్నాను. మార్చాలనుకుంటే తమ చేత్తో కొట్టేసి కింద తమ సంతకం పెట్టమన్నాను. ఆయన కలం తీయలేదు. కాగితం ఉన్నదున్నట్టుగా పోలీసులకు వెళ్లింది.

అనసూయమ్మ మీద కేసు పెట్టలేదు. దుకాణదారు అనుమతి రద్దయింది. మా పాత ఇన్‌స్పెక్టరుకు ఒక మందలింపు, రావుగారికి అదీ లేదు. ఆయన ఇంటి శుభలేఖలు ఆ తర్వాత మా గడపకు రాలేదు. మేమూ ఎదురుచూడలేదు. చేతులు మానాక అనసూయమ్మ శాలిబండ వైపు మరో ఇంట్లో వంటకు చేరింది. ఏ పొయ్యి అని ముందే అడిగిందట. కట్టెల పొయ్యి అన్నాకే ఒప్పుకుంది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఆఖరి కుళాయికి నా చేత్తో సబ్బు నీళ్లు పూయనిదే నేను ఏ ఇంటి పత్రం మీదా సంతకం చేయలేదు. తెర తీయబోమన్న ఇళ్లకు గ్యాసు ఇవ్వవద్దని రాశాను. గొప్ప ఇళ్లు చాలా నొచ్చుకున్నాయి. గ్యాసు కారితే బాధ్యత బిగించినవాడిది, చూడకుండా సంతకం పెట్టినవాడిది, చెప్పినా వినని ఇంటి యజమానిది. పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఉన్న బాధ్యత వాసన వస్తోందని చెప్పడం. అనసూయమ్మ చెప్పింది.