హవా మాఫీ

వయసులో ఉన్నప్పుడు మనిషికి రాని భాష అంటూ ఉండదు. ప్రపంచకప్పు కోసం ఖతార్ నిండా స్టేడియాలు లేస్తున్న ఆ రోజుల్లో నేను జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి మూడు వారాలే అయింది గానీ, అప్పటికే అరబ్బీ వచ్చేసిందని నా గట్టి నమ్మకం. (నేను ఖతార్‌లో ఉన్నానని మా అమ్మకే సరిగా తెలియదు, ఆమె దృష్టిలో నాది దుబాయే.) యల్లా అంటే పద, ఫులూస్ అంటే పైసలు, మాఫీ అంటే మాఫీ. ఈ మూడోది నేర్చుకునే పని కూడా లేకపోయింది. రుణమాఫీ మాట వినని చెవి మా జిల్లాలో ఉంటుందా? శుక్రవారం పొద్దున బర్వా అల్ బరాహా క్యాంపులో మా బావ అటు తిరిగి పడుకుని "డ్యూటీ మాఫీ" అనేవాడు. నిజమే, డ్యూటీ నుంచి మన్నించారు. మెస్‌లో వడ్డించేవాడు "చికెన్ మాఫీ" అంటే, ఈ పూటకు కోడిని మన్నించి వదిలేశారు కాబోలు అనుకుని పప్పు పోసుకునేవాణ్ణి. ఇంత చక్కగా కుదురుతున్న అర్థాన్ని ఎవరైనా అనుమానిస్తారా?

ఒక శుక్రవారం కంపెనీవాళ్లు స్వచ్ఛందంగా సేవకు వచ్చేవాళ్లను పిలిచారు. (స్వచ్ఛందంగా అంటే, ఫోర్‌మన్ వేలు చూపించినవాళ్లు.) అల్ వక్రా తీరంలో హామూర్ చేప బాగా తగ్గిపోయిందట. సర్కారువాళ్లు పెంచిన చేపపిల్లల్ని ఒడ్డు పక్క రాళ్ల దగ్గర సముద్రంలో వదలాలి, అవి ఎదిగేదాకా ఆ రాళ్ల దగ్గర జాలర్లు వల వేయకూడదు. అదీ ఒప్పందం. పిల్లలు సర్కారువి, బస్సూ మనుషులూ మా కంపెనీవి, మాట జాలర్లది. ఆ మాట ఇప్పించింది ఒక ముసలి అరబ్బు జాలరి. మావాళ్లు ఆయన్ని తాత అనేవాళ్లు. మిగతావాళ్లు ససేమిరా అంటే, చేపలు బతక్కపోతే నన్ను అడగండని ఆయన పూచీ పడ్డాడని బావ బస్సులో చెప్పాడు. నేను సగమే విన్నాను, మిగతా సగం సముద్రం చూస్తూ నోరు తెరిచాను.

నాకిచ్చిన పని నాలుగు నీళ్ల తొట్ల దగ్గర కాపలా. మూతల కింద వేలెడంత హామూర్ పిల్లలు, గాలి కోసం ఒక చిన్న మోటారు, దాని నుంచి ఒక్కో తొట్టిలోకి ఒక్కో సన్నని గొట్టం. అవతల టెంటులో పెద్దవాళ్ల ప్రసంగాలు సాగుతున్నాయి. తాత తన పడవను ఒడ్డుకు తెస్తూ దూరం నుంచే చివరి తొట్టి వైపు చేయి ఊపి "హవా మాఫీ! హవా మాఫీ!" అని అరిచాడు. హవా అంటే గాలి, ఆ మాత్రం హిందీ నాకొచ్చు. అంటే గాలి మాఫీ! ఇక గాలి పెట్టక్కర్లేదన్నమాట. పాపం, ఆ మోటారు మోతలో ప్రసంగాలు వినపడటం లేదేమో. పరుగున వెళ్లి మోటారు ఆపేశాను. నా పరుగు చూసి ఆయన పడవలోంచి బొటనవేలు ఎత్తి చూపాడు. నేనూ ఎత్తాను. అరబ్బు మనిషి అరబ్బీలో చెప్పిన పని మూడు వారాల కుర్రాడు చేసేశాడని నా ఛాతీ ఉబ్బిపోయింది.

ప్రసంగాలు ముగిసి మూతలు తీసేసరికి సగానికి పైగా పిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి. మోటారు ఆగిపోయి ఉందని ఎవరో గమనించారు. ఎండకే ఆగిపోయి ఉంటుందని ఇంకెవరో తేల్చేశారు. నేను కూడా తలెత్తి ఎండ వైపు కోపంగా చూశాను. తాత వంగి చచ్చినవాటిని దోసిళ్లతో పక్కకు తీసి, మిగిలినవాటిని తనే రాళ్ల దగ్గర వదిలాడు. వెనక నిలబడ్డ జాలర్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

"ఏమైందిరా బామ్మర్దీ, మొకం గట్ల పెట్టినవ్?" అన్నాడు బావ, తిరుగు బస్సులో.

"ఆయన గాలి మాఫీ అన్నడు గద బావా, అందుకే మోటరు బంద్ జేసిన."

బావ నోట్లో బిస్కెట్టు అక్కడే ఆగింది. "ఓరి పిచ్చోడా! మాఫీ అంటే లేదు అని! గొట్టం బయట వడ్డట్టుంది, గాలి పోతలేదు సూడుమన్నడు నిన్ను. నువ్వు ఉన్న గాలి గూడ బంద్ జేసినవా?" పగలబడి నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకున్నాడు. "ఎవ్వలకు చెప్పకు. నౌకరి పోతది."

చెప్పలేదు. తప్పు ఎండ మీదే ఉండనిచ్చాను. ఇంతవరకూ నవ్వుతూ రాశాను గానీ ఈ ముక్క మాత్రం నవ్వుతూ రాయడం నా వల్ల కావడం లేదు. ఆ నీళ్లలో పిల్లలు బతకవని జాలర్లు తేల్చుకున్నారనీ, తాత మాట ఇక వినడం లేదనీ రెండు వారాలకు ఫోర్‌మన్ చెప్పగా విన్నాను. తప్పు నీళ్లది కాదని తెలిసినవాణ్ణి ఖతార్ మొత్తంలో నేనొక్కణ్ణే (బావను పక్కన పెడితే).

అది విన్న తరవాతి శుక్రవారం ఒంటరిగా అల్ వక్రా బస్సెక్కాను. దారి పొడవునా అరబ్బీ మాటలు కూర్చుకున్నాను. తాత ఒడ్డున కూర్చుని టీ కాచుకుంటున్నాడు. ఆయన్ని చూడగానే కూర్చుకున్నదంతా ఎగిరిపోయింది. రెండు చేతులూ జోడించాను. "తప్పు నాదే తాతా. మాఫీ... మాఫీ..."

నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు, ఆయన చెవికి అది "లేవు, లేవు" అని వినపడుతుందని. ముసలాయన మొహం మెత్తబడింది. "లా, లా!" కాదు, కాదంటూ నా చేయి పట్టుకుని రాళ్ల దగ్గరకు లాక్కుపోయి నీళ్లలోకి వేలు చూపించాడు. "ఫీ! ఫీ!" ఉన్నాయి, ఉన్నాయి. రాతి సందులో మచ్చల పిల్లలు రెండు, తోకలాడిస్తున్నాయి. చేపలు పోయాయని దిగులుపడి అంత దూరం వచ్చిన మంచి కుర్రాడనుకున్నాడు నన్ను! వీపు నిమిరాడు కూడా. కాస్త అవతల, వల వేయకూడదన్న ఆ నీళ్లలోనే ఎవరిదో కొత్త వల తేలుబెండ్లు కనపడుతున్నాయి. ఆయనా చూశాడు, చూసి మొహం తిప్పుకున్నాడు.

టీ దగ్గరకు తిరిగొచ్చాం. మాట రాకపోతేనేం, చేత్తో చెప్పొచ్చు. మోటారు మీట నొక్కినట్టు చూపిస్తే చాలు, ఆయనకు అర్థమయ్యేది, తప్పు నీళ్లది కాదని నలుగురికీ చెప్పుకునేవాడు. నా చేయి లేచింది కూడా. ఆ చేతిలో ఆయన టీ గ్లాసు పెట్టాడు. తాగాను.

ఇప్పుడు నాకు అరబ్బీ బాగానే వచ్చు. తప్పు ఒప్పుకోవడానికి పనికొచ్చే మాటలు నాలుగైదు రకాలుగా చెప్పగలను, వినాల్సిన మనిషి ఎక్కడున్నాడో మాత్రం తెలియదు. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. క్షమాపణ అడగడానికి పోయి ఓదార్పు తీసుకుని వచ్చాడు. పైగా మనసు తేలికపడిందని, తిరుగు బస్సులో క్యాంపు వచ్చేదాకా హాయిగా నిద్రపోయాడు వెధవ.